ముందు గైడు... ఆ తర్వాతే యూనివర్సిటీ

"పీహెచ్‌డీ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుంది సార్?"

పీజీ ఆఖరి సెమిస్టర్‌కి వచ్చిన పిల్లలు డిపార్ట్‌మెంట్ వరండాల్లో మాటిమాటికీ అడిగే ప్రశ్న ఇది. దాని వెనకే కటాఫ్ ఎంత, నెట్ లేకపోతే కుదరదా, ఇంటర్వ్యూకి ఎంత వెయిటేజీ అన్నవి వరస కడతాయి. లోపలికి వెళ్లే దారి గురించి ఇంత ఆరా తీసేవాళ్లు, వెళ్లాక అయిదారేళ్లు ఎవరి చేతికింద పనిచేయాలి, నెల గడిచేదెలా అని మాత్రం అడగరు. మధ్యలో వదిలేసి వచ్చినవాళ్లని కదిలించి చూడండి. చాలావరకు ఆ రెంటిలో ఒకటే బయటపడుతుంది.

వెళ్లేవాళ్లు తక్కువేం కాదు. కేంద్ర విద్యాశాఖ సర్వే ప్రకారం 2014-15లో దేశమంతటా పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు 1.17 లక్షలు. 2021-22 నాటికి 2.12 లక్షలు. అమ్మాయిల సంఖ్య ఈలోపు రెట్టింపై 98 వేల దాకా వచ్చింది. ఒకప్పుడు ఊరికొక డాక్టరేట్ ఉంటే గొప్ప. ఇప్పుడు జూనియర్ కాలేజీ స్టాఫ్‌రూమ్‌లోనూ ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు.

అర్హత సులువైంది

ఇప్పుడు అమల్లో ఉన్నవి యూజీసీ 2022 నవంబరు 7న ప్రకటించిన నిబంధనలు. అంతకుముందు 2016వి, దానికి ముందు 2009వి. కొత్తవాటిలో అందరి కంటా పడిన మార్పు ఒకటుంది. నాలుగేళ్ల డిగ్రీని 75 శాతం మార్కులతో పూర్తిచేసినవాళ్లు పీజీ చేయకుండానే పీహెచ్‌డీకి రావచ్చు. మిగతావాళ్లకు 55 శాతంతో పీజీ ఉండాలి. మూడేళ్ల డిగ్రీ చేసినవాళ్లయితే రెండేళ్ల పీజీ, నాలుగేళ్ల డిగ్రీ వాళ్లయితే ఏడాది పీజీ సరిపోతుంది. ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్ కాని ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగ అభ్యర్థులకు 5 శాతం సడలింపు.

డిగ్రీ నుంచి నేరుగా రావడం వినడానికి బాగుంది, ఒకటి రెండేళ్లు కలిసొస్తాయి. కానీ తెలుగు, చరిత్ర, సోషియాలజీ లాంటి సబ్జెక్టుల్లో పిల్లలు లైబ్రరీలో కుదురుగా కూర్చోవడం నేర్చుకునేదే పీజీలో. ఇరవై ఒకటో ఏట టాపిక్ ఎంచుకోమంటే గైడ్ చెప్పిందే టాపిక్ అవుతుంది. తొందర లేనివాళ్లు పీజీ చేసి రావడమే మేలు.

ఎంఫిల్ గురించి ఇంకా అడిగేవాళ్లున్నారు. అది లేదు. 2020 జాతీయ విద్యావిధానం దాన్ని ఎత్తేయాలంది, 2022 నిబంధనలు ఎత్తేశాయి. అప్పటికీ కొన్ని వర్సిటీలు దరఖాస్తులు పిలుస్తుంటే, దానికి గుర్తింపు లేదు, చేరొద్దు అని 2023 డిసెంబరులో యూజీసీ నోటీసు ఇచ్చింది. అంతకుముందు చేసినవాళ్ల పట్టాలకు ఢోకా లేదు. ఎంఫిల్ పోవడం నష్టమేనని నాకనిపిస్తుంది. ఏడాదిన్నర, రెండేళ్లలో ఒక చిన్న థీసిస్ రాసి, ఈ పని మన ఒంటికి సరిపడుతుందో లేదో తేల్చుకునే వీలుండేది. ఇంజినీరింగ్ వాళ్లకు ఆ వీలు ఇప్పటికీ ఉంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఎంఎస్ బై రీసెర్చ్, ఐఐటీ మద్రాసులో ఎంఎస్, బెంగళూరు ఐఐఎస్‌సీలో ఎంటెక్ రీసెర్చ్ అలాంటివే. క్లాసులు తక్కువ, పరిశోధన ఎక్కువ, చివర ఒక థీసిస్. ఆర్ట్స్ పిల్లలకు అలాంటి అవకాశం దాదాపు లేకుండా పోయింది.

ప్రవేశ పరీక్ష సంగతి. 2024 జూన్ నుంచి నెట్‌లో అభ్యర్థులను మూడు కేటగిరీలు చేశారు. మొదటి కేటగిరీకి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్), అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశం మూడూ వస్తాయి. రెండో కేటగిరీకి ఫెలోషిప్ ఉండదు. మూడోదానికి పీహెచ్‌డీ ప్రవేశం ఒక్కటే. చివరి రెండు కేటగిరీల వాళ్లకు నెట్ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ. ఇక్కడొక మెలిక ఉంది. ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది. మనం చేరదామనుకున్న వర్సిటీ ఆ ఏడాది నోటిఫికేషన్ ఇవ్వలేదా, పరీక్ష మళ్లీ రాసుకోవాల్సిందే. ఈ పద్ధతిలో జరిగిన తొలి పరీక్షకే ఏమైందో గుర్తుండే ఉంటుంది. 2024 జూన్ 18న రాశారు, మర్నాడే రద్దన్నారు, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మళ్లీ పెట్టారు.

రాష్ట్ర వర్సిటీల దారి వేరు. ఉస్మానియా సొంతంగా ప్రవేశ పరీక్ష పెడుతుంది. ఆంధ్రప్రదేశ్ వర్సిటీలకు ఏపీఆర్‌సెట్ పేరుతో ఉమ్మడి పరీక్ష ఉంది. ఏటా ఫలానా నెలలో నోటిఫికేషన్ వస్తుందన్న భరోసా మాత్రం ఎక్కడా లేదు. సైన్సు వాళ్లకు సీఎస్‌ఐఆర్ నెట్, గేట్ లాంటివి ఉండనే ఉన్నాయి. సీసీఎంబీ, ఐఐసీటీ లాంటి పరిశోధనశాలల్లోనూ పీహెచ్‌డీ చేయొచ్చన్న సంగతి జిల్లా కాలేజీల పిల్లలకు పెద్దగా తెలియదు. పని ల్యాబ్‌లో చేస్తారు, డిగ్రీ ఏసీఎస్‌ఐఆర్ అనే అకాడమీ ఇస్తుంది. హైదరాబాద్ గోపనపల్లిలోని టీఐఎఫ్‌ఆర్ అయితే బీఎస్సీ చేసినవాళ్లనూ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీలోకి తీసుకుంటుంది.

ఉద్యోగం చేసుకుంటూ పార్ట్‌టైమ్‌లో చేయడానికి యూజీసీ ఒప్పుకుంటుంది. పరిశోధనకు తగినంత సమయం ఇస్తామని, కోర్స్‌వర్క్‌కి అవసరమైతే రిలీవ్ చేస్తామని పై అధికారి నుంచి ఎన్‌వోసీ తేవాలి. కానీ దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో పీహెచ్‌డీ అన్నది లేదు. విదేశీ సంస్థలతో కలిసి ఆన్‌లైన్ పీహెచ్‌డీ ఇప్పిస్తామనే ఎడ్‌టెక్ కంపెనీల ప్రకటనలు నమ్మొద్దని యూజీసీ, ఏఐసీటీఈ 2022లోనే హెచ్చరించాయి. ఆ ప్రకటనలు ఇంకా వస్తూనే ఉన్నాయి.

సీటు ఉండేది గైడ్ దగ్గర

బీటెక్ సీట్లకీ పీహెచ్‌డీ సీట్లకీ తేడా ఇక్కడే. పీహెచ్‌డీ సీటు కాలేజీది కాదు, గైడ్‌ది. ప్రొఫెసర్ ఏకకాలంలో 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి గైడ్‌గా ఉండకూడదు. రిటైర్మెంటుకు మూడేళ్లలోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు. ఈ రెండు నిబంధనలూ పక్కపక్కన పెట్టి మన రాష్ట్ర వర్సిటీల వైపు చూస్తే అసలు కథ తెలుస్తుంది. రెగ్యులర్ నియామకాలు ఏళ్ల తరబడి ఆగిపోయాయి. ఉన్న ప్రొఫెసర్లు ఒక్కొక్కరే రిటైరవుతున్నారు. వందేళ్ల చరిత్ర, రాతి భవనాలు, పెద్ద లైబ్రరీ అన్నీ ఉన్న క్యాంపస్‌లో కూడా మీ సబ్జెక్టులో గైడ్ లేకపోతే ఆ ఏడాది సీటు లేనట్టే. నోటిఫికేషన్ రాలేదని వీసీని తిట్టుకునేవాళ్లు, నియామకాలు చేయని ప్రభుత్వాలను ఎందుకో అంతగా అనరు.

సీటు దొరికాక గైడ్ చేతిలో ఉండేది చాలా పెద్ద అధికారం. టాపిక్ ఒప్పుకోవాలన్నా, ఫెలోషిప్ కాగితం మీద సంతకం కావాలన్నా, ప్రతి సెమిస్టర్‌కీ అడ్వైజరీ కమిటీ ముందు పని బాగుందని చెప్పాలన్నా ఆయనే, ఆవిడే. మంచి గైడ్ దొరికినవాడికి చిన్న వర్సిటీలోనూ బండి నడుస్తుంది. రాసిచ్చిన అధ్యాయం ఆరు నెలలైనా టేబుల్ మీంచి కదలని చోట, ఎంత పేరున్న క్యాంపస్ అయినా చేసేదేం లేదు. స్కాలర్ చేత పిల్లల ఫీజులు కట్టించేవాళ్లు, తమ క్లాసులు చెప్పించుకునేవాళ్లు, సెమినార్‌కి కుర్చీలు వేయించేవాళ్లు ఉన్నారని క్యాంపస్‌లో ఎవర్నడిగినా చెబుతారు. తమ స్కాలర్ రాత పేజీ పేజీ దిద్ది, జేబులో డబ్బులిచ్చి ఫీల్డ్‌వర్క్‌కి పంపేవాళ్లూ ఉన్నారు. ప్రవేశ పరీక్ష ర్యాంకు ఈ తేడా చెప్పదు.

చెప్పేది ఒకటుంది. శోధ్‌గంగ. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఈ వెబ్‌సైట్‌లో దేశంలోని థీసిస్‌లు లక్షల్లో ఉన్నాయి. పట్టా ప్రకటించే ముందే ఎలక్ట్రానిక్ కాపీ అక్కడికి చేరాలన్నది నిబంధన. డబ్బులు కట్టక్కర్లేదు, ఎవరైనా చదవొచ్చు. వర్సిటీ పేరు నొక్కి, డిపార్ట్‌మెంట్‌లోకి వెళ్లి, మీరనుకుంటున్న గైడ్ పేరు వెతకండి. ఒక్కో థీసిస్ ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. శీర్షిక పేజీ ఒక ఫైలు, ధ్రువపత్రం ఒక ఫైలు, ఒక్కో అధ్యాయానికి ఒక్కో ఫైలు. ముందు చివర్న ఉండే ఉపయుక్త గ్రంథాల పట్టిక తెరవండి. అందులో ఇటీవలి పుస్తకం ఏ ఏడాదిది? పదిహేనేళ్ల కిందటి దగ్గరే ఆగిపోతే, ఆ స్కాలర్‌తో పాటు గైడ్ కూడా అక్కడే ఆగాడని అర్థం. ఆ తర్వాత ముగింపు అధ్యాయం చదవండి. మొదటి అధ్యాయంలో వేసుకున్న ప్రశ్నకు జవాబు దొరికిందా, లేక అధ్యాయాల సారాంశమే మళ్లీ వల్లించారా? ఒకే గైడ్ కింద వచ్చిన నాలుగైదు శీర్షికలు పక్కపక్కన పెట్టి చూసినా చాలు. "ఫలానా వారి నవలలు - స్త్రీ పాత్రలు", "ఫలానా వారి కథలు - స్త్రీ పాత్రలు", "ఫలానా వారి సాహిత్యం - సమగ్ర పరిశీలన" అంటూ పేర్లు మాత్రమే మారుతూ పోతే, అక్కడ మీ పేరు కూడా అలాగే చేరుతుంది.

తెలుగు శాఖల్లో ఎప్పుడూ ఇలాగే జరిగిందా అంటే, లేదు. 1950ల్లో బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో డాక్టరేట్‌కి ఎంచుకున్నది జానపద గేయాలు. వాటిని సాహిత్యమని పండితులు ఇంకా ఒప్పుకోని కాలం. ఆధునిక కవిత్వంలో సంప్రదాయం ఎంత, ప్రయోగం ఎంత అన్నది సి.నారాయణరెడ్డి ప్రశ్న. ఆ సిద్ధాంత గ్రంథం ఇవాళ్టికీ ఎంఏ పిల్లల చేతుల్లో నలుగుతోంది. కథకుడిగా మనకు తెలిసిన కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద పరిశోధన చేశారు. ఏ ఊరి పేరులో చెరువుంది, ఏ పేరులో చెట్టుంది, ఏ పేరులో కులముంది అని ఊరూరా వెతికి చూసే పని అది. ఎవరూ అడగని ప్రశ్న వాళ్లకు ముందే ఉంది. పరీక్షలూ వెయిటేజీలూ దాన్ని పుట్టించలేవు.

నెల గడిచేదెలా

జేఆర్‌ఎఫ్ వచ్చిందంటే సగం దిగులు తీరినట్టే. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. ఐఐటీల్లాంటి చోట ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ దక్కినవాళ్లకు 70 వేల నుంచి 80 వేల దాకా ఉంది. ఇవి పైన ఉన్న కొద్దిమంది లెక్కలు.

ఆ కిందకు దిగితే నేల కనిపిస్తుంది. కేంద్రీయ వర్సిటీల్లో నెట్ ఫెలోషిప్ లేని స్కాలర్‌కి ఇచ్చేది నెలకు 8,000. 2015లో దాన్ని కూడా ఆపేస్తామంటే ఢిల్లీలో విద్యార్థులు యూజీసీ ఆఫీసు ముందు నెలల తరబడి బైఠాయించారు. అలా నిలబెట్టుకున్న ఆ 8,000 అక్కడే ఉంది, మెస్ బిల్లు మాత్రం అక్కడ లేదు. రాష్ట్ర వర్సిటీల్లో జేఆర్‌ఎఫ్ గానీ ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ జాతీయ ఫెలోషిప్పుల్లాంటివి గానీ రానివాళ్లకు సాధారణంగా అది కూడా ఉండదు. మైనారిటీ విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ని 2022 డిసెంబరులో కేంద్రం ఆపేసింది. ఇలాంటివాళ్లు పగలు ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పి, రాత్రిళ్లు హాస్టల్ గదిలో అధ్యాయాలు రాస్తారు. మూడేళ్ల పని ఆరేళ్లకు సాగేది అందుకే. బద్ధకం వల్ల కాదు.

మంజూరైన డబ్బు కూడా నెలనెలా ఠంచనుగా పడుతుందనుకోవద్దు. యూజీసీ జేఆర్‌ఎఫ్ వాళ్లకు కెనరా బ్యాంకు పోర్టల్‌లో వర్సిటీ తరఫున ఒకరు నెలనెలా వివరాలు ఎక్కించాలి, ఇంకొకరు సరిచూసి ఆమోదించాలి. మొదటాయన్ని మేకర్ అంటారు, రెండో ఆయన్ని చెకర్ అంటారు. ఈ ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టారంటే స్కాలర్ ఖాతాలో ఆ నెల ఖాళీ. రెండు మూడు నెలలవి కలిపి పడటం అలవాటైపోయి, "అరియర్స్ పడ్డాయా?" అన్నది హాస్టల్లో పలకరింపుగా మారింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల తన ఆఖరి ఉత్తరంలోనూ తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ బకాయి గురించి రాశాడు. ఒక లక్షా 75 వేలు. ఆ చావు వెనక ఇంకా చాలా ఉంది. కానీ బకాయి కూడా ఉంది.

ఇంకో లెక్క కూడా చేరేటప్పుడే వేసుకోవాలి. ఫెలోషిప్ అయిదేళ్లు. నిబంధన ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు ఇస్తారు. మహిళలకు, 40 శాతం పైబడి వైకల్యం ఉన్నవాళ్లకు ఇంకో రెండేళ్లు కలిపి పదేళ్ల దాకా వెసులుబాటు. ప్రసూతి, శిశు సంరక్షణకు 240 రోజుల సెలవు కూడా ఉంది. గడువు సంగతి బాగానే చూశారు. ఆరో ఏడాది అన్నం ఎవరు పెడతారన్నది ఎక్కడా రాయలేదు.

సినాప్సిస్ నుంచి వైవా దాకా

చేరగానే కోర్స్‌వర్క్. కనీసం 12 క్రెడిట్లు, అందులో పరిశోధన నైతికత మీద ఒక పేపరు తప్పనిసరి, 55 శాతం రావాలి. తర్వాత సినాప్సిస్, ప్రతి సెమిస్టర్‌కీ కమిటీ ముందు హాజరు, చివర్లో ప్రీ-సబ్మిషన్ సెమినార్. 2016 నిబంధనల్లో ఉన్న తప్పనిసరి జర్నల్ వ్యాసం షరతును 2022లో తీసేశారు. డబ్బు తీసుకుని ఏదైనా అచ్చువేసే జర్నళ్లు ఆ షరతు మీదే బతికాయి కాబట్టి ఇది మంచి పనే. అయినా కొన్ని వర్సిటీలు సొంతంగా అడుగుతున్నాయి, ముందే కనుక్కోండి.

సబ్మిషన్ రోజుల్లో క్యాంపస్‌లో స్కాలర్‌ని గుర్తుపట్టడం తేలిక. చేతిలో నోడ్యూస్ ఫారం ఉంటుంది. లైబ్రరీ సంతకం, హాస్టల్ సంతకం, అకౌంట్స్ సంతకం. ఎప్పుడో రెండో ఏడాదిలో పోగొట్టుకున్న పుస్తకానికి జరిమానా, నాలుగేళ్ల కిందటి మెస్ బకాయి అన్నీ ఆ వారంలోనే లేస్తాయి. ఇంకోపక్క ప్లేజరిజం రిపోర్టు. 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపుంటే ఫర్వాలేదు. 10 నుంచి 40 దాకా ఉంటే ఆరు నెలల్లోగా దిద్ది ఇవ్వాలి. 40 దాటితే ఏడాది ఆగాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అదీ అయ్యాక బైండింగ్ షాపు. రెక్సిన్ అట్ట మీద బంగారు అక్షరాలు పడకముందే గైడ్ ఇంటిపేరు సరిగ్గా ఉందో లేదో నాలుగుసార్లు చూసుకుంటారు.

ఆ తర్వాత వెయిటింగ్. గైడ్ కాక కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చదవాలి. వైవాతో సహా ఆరు నెలల్లో ముగించాలని యూజీసీ అంటుంది. పరీక్షకుడి దగ్గర కవరు విప్పకుండానే ఆరు నెలలు గడిచిన సందర్భాలు లేకపోలేదు. చివరికి ఒక మధ్యాహ్నం వైవా, టీ బిస్కెట్లు, శాలువా, జిల్లా పేజీలో సింగిల్ కాలమ్ వార్త.

విదేశాల మాట కూడా ఒకటి. మనవాళ్లు అమెరికా ఎంఎస్‌కి లక్షలకు లక్షలు అప్పు చేసి వెళ్తారు. అదే అమెరికాలో సైన్సు, ఇంజినీరింగ్ పీహెచ్‌డీలకు ఎక్కువచోట్ల ఫీజు మాఫీ చేసి, టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్‌గా నెలనెలా డబ్బిస్తారు. బీటెక్ నుంచే తీసుకుంటారు కూడా. జర్మనీలో పీహెచ్‌డీ చాలాచోట్ల కాంట్రాక్టు ఉద్యోగమే. అప్పు చేయలేక ఆగిపోయిన తెలివైన పిల్లలకు చెప్పాల్సిన సంగతి ఇది. అక్కడ కూడా దరఖాస్తుకు ముందు ప్రొఫెసర్ల పని చదివి, వాళ్లకు మెయిల్ రాయడమే మంచి పద్ధతి. అంటే అక్కడా గైడే ముందు.

లెక్చరర్ ఉద్యోగం కోసమే పీహెచ్‌డీ అనుకునేవాళ్లు ఒకసారి ఆగి ఆలోచించాలి. 2023 జూన్ 30న వచ్చిన సవరణతో అసిస్టెంట్ ప్రొఫెసర్ నియామకానికి పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. నెట్, సెట్ లాంటి అర్హత ఉంటే చాలు. ఒక పరీక్షతో తేలే అర్హత కోసం ఆరేళ్లు పెట్టడం దండగ. తన మనసును వదలని ప్రశ్న ఒకటి ఉన్నవాళ్లకే ఆ ఆరేళ్లు గిట్టుబాటవుతాయి.

కాబట్టి దరఖాస్తు నింపే ముందు రెండు పనులు చేయండి. శోధ్‌గంగలో మీరనుకున్న గైడ్ విద్యార్థి రాసిన థీసిస్ ఒకటి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవండి. ఆ తర్వాత బస్సెక్కి ఆ క్యాంపస్‌కి వెళ్లి, ఆయన దగ్గర ఇప్పుడు చేస్తున్న స్కాలర్‌ని టీకి పిలిచి మాట్లాడండి. ఎన్నేళ్లయింది, అధ్యాయం ఇస్తే ఎన్నాళ్లకు దిద్ది ఇస్తారు, ఫెలోషిప్ ఆఖరుసారి ఎప్పుడు పడింది అని అడగండి. దరఖాస్తు ఫీజు కట్టడం ఆ తర్వాత.